గోజిరా చిత్రము: రెండు పాఠములు, రెండు ఆదరణలు

1. విషయప్రవేశము

ఒక గ్రంథమునకు రెండు పాఠము లేర్పడినపుడు, వానిలో కర్తృకృత మేదియో, పరకృత మేదియో నిర్ణయించుట పాఠపరిష్కర్త చేయు పని. ఆ రెండు పాఠములను ఆయా కాలముల వా రెట్లు గ్రహించిరో, ఏల యట్లు గ్రహించిరో విచారించుట చరిత్రకారుడు చేయవలసిన పని. మొదటి పనికి మన శాఖలయందు గల ప్రతిష్ఠ రెండవదానికి లేదు. కాని పాఠము మాఱినపుడు గ్రంథముతోపాటు దాని కీర్తియు మాఱును. ఆ కీర్తియే తరువాతి తరములవారికి గ్రంథముకంటె ముందుగా చేరును. ఈ సంగతిని తాళపత్ర ప్రతులనుండి కాక, చలనచిత్ర చరిత్రనుండి యొక యుదాహరణమును గ్రహించి పరిశీలించుట యీ వ్యాసమునందు మా యుద్దేశము.

ఆ యుదాహరణము జపాను దేశపు "గోజిరా". తోహో సంస్థ నిర్మించిన యీ చిత్రము 1954 నవంబరు 3వ తేదీన ఆ దేశమున విడుదలయినది. దీని నిడివి 96 నిమిషములు. నిర్మాత తొమొయుకి తనాకా; దర్శకుడు ఇషిరో హోండా; మాయాదృశ్యములను కల్పించినవాడు ఎయిజి త్సుబురాయా; సంగీతకర్త అకిరా ఇఫుకుబే. ఈ చిత్రమునే కొందఱు అమెరికా వ్యాపారులు కొని, కొన్ని భాగములను తొలగించి, కొన్నింటిని క్రొత్తగా చిత్రించి చేర్చి, "గాడ్జిల్లా, కింగ్ ఆఫ్ ది మాన్‌స్టర్స్" అను పేర 80 నిమిషముల చిత్రముగా 1956 ఏప్రిలులో తమ దేశమున ప్రదర్శించిరి. సముద్రగర్భమునుండి వెడలి టోక్యో నగరమును దగ్ధము చేసిన రాక్షసమృగము రెండింటను ఒక్కటియే. నగరదహన దృశ్యములును ఒక్కటియే. అయినను ఆ రెండింటిని చూచినవారు చూచినది ఒక్కటి కాదు.

ఈ విషయమున లోకమున ప్రచారములో నున్న అభిప్రాయ మొకటి కలదు. మూలము గంభీరమైన విషాదచిత్ర మనియు, అమెరికావారు అణ్వస్త్ర ప్రస్తావన నంతను తొలగించి దానిని బాలుర వినోదముగా దిగజార్చి రనియు ఆ యభిప్రాయము. ఇందు సత్యాంశము లేకపోలేదు. కాని యిది పూర్ణసత్యము కాదు. మూలమును దాని స్వదేశపు విమర్శకు లందఱును మెచ్చలేదు. అమెరికా పాఠమున అణ్వస్త్ర ప్రస్తావన పూర్తిగా లోపింపలేదు. కాగా ఆదరణభేదమునకు కారణమును మఱొకచోట వెదకవలసి యున్నది.

మే మీ విచారమునకు పూనుకొనుటకు స్వానుభవ మొకటి కారణమని చెప్పుట ధర్మము. విద్యార్థి దశయందు మేము మొదట చూచినది అమెరికా పాఠమే. చూచి నవ్వితిమి. రబ్బరుతొడుగు ధరించిన మనిషి అట్టపెట్టెలవంటి మేడలను త్రొక్కుచున్నాడని మిత్రులతో పరిహాసమాడితిమి. పెక్కేండ్లకు మూలమును చూచునపుడు, ఆ మనిషియే, ఆ తొడుగే, ఆ మేడలే కనబడినను నవ్వు రాలేదు. నాటి తీర్పు మేము చూడని గ్రంథముపై మే మిచ్చిన తీర్పని అప్పుడు బోధపడినది. మాఱినది తెరమీది బొమ్మ కాదు. మఱి మాఱిన దేమి?

2. మూలము పుట్టిన దేశకాలములు

1954 మార్చి 1వ తేదీన అమెరికా ప్రభుత్వము పసిఫిక్ మహాసముద్రమునందలి బికినీ పగడపుదీవిలో ఉదజని బాంబును పరీక్షించినది. దాని శక్తి 15 మెగాటన్నులు. అది పరీక్షకు ముందు వేసిన అంచనాను మిక్కిలి మించినది. అపాయమండలముగా ముందు ప్రకటింపబడిన ప్రదేశమునకు వెలుపల చేపలు పట్టుచుండిన "దైగో ఫుకుర్యూ మారు" అను జపాను పడవపై తెల్లని బూడిద కురిసినది. పడవలోని 23 మంది రోగగ్రస్తులయిరి. పడవ యైజు రేవునకు చేరిన పిమ్మట, విషపూరితమైన ట్యూనా చేప అంగళ్లకు చేరినదన్న భయము దేశమంతట వ్యాపించినది. సెప్టెంబరు 23వ తేదీన పడవయందలి రేడియో నిర్వాహకుడు ఐకిచి కుబోయామా మరణించెను. ఆ మరణమునకును గోజిరా విడుదలకును నడుమ గడచినవి దాదాపు నలువది దినములు మాత్రమే.

ఇది యొక దుర్ఘటన మాత్రమే కాదు. 1945 ఆగస్టులో హిరోషిమా నాగసాకి నగరములు ధ్వంసమయినవి. అంతకు ముందు అదే సంవత్సరము మార్చి 9, 10 తేదీల నడిరేయి అమెరికా విమానములు టోక్యోపై కురిపించిన నిప్పులో దాదాపు లక్షమంది మరణించిరి. తరువాత విజేతల యాక్రమణపాలన వచ్చినది. అణుబాంబు కలిగించిన బాధలనుగూర్చిన వ్రాతలపై తొలి సంవత్సరములలో నిర్బంధముండెను. ఆ పాలన 1952 ఏప్రిలులో ముగిసినది. అనగా 1954 నాటి జపాను ప్రజల హృదయములందు తొమ్మిదేండ్ల దుఃఖము కలదు; దానిని బాహాటముగా చెప్పుకొనుటకు లభించిన కాలము స్వల్పము. ఆ యేడే టోక్యోలోని సుగినామి పేటనుండి ప్రబలిన ఉదజని బాంబు వ్యతిరేక సంతకముల యుద్యమము మఱుసటి యేటికి 3 కోట్లకు మించిన సంతకములను సేకరించినది.

తనాకాకు ఈ చిత్రభావన కలిగిన విధము ప్రసిద్ధము. ఇండొనీషియాతో కలిసి తీయదలచిన చిత్రము ఆగిపోగా, ఆ లోటు పూరించుటకు వేఱొక కథ కావలసివచ్చినది. 1952లో అమెరికాలో పునఃప్రదర్శితమైన "కింగ్ కాంగ్" పొందిన లాభమును, 1953లో వచ్చిన "ది బీస్ట్ ఫ్రమ్ 20,000 ఫాథమ్స్" చిత్రమును ఆయన కెఱుకయే. బాంబుచేత మేల్కొనిన ప్రాచీన మృగమన్న కల్పన ఆ రెండవ చిత్రమునందే కలదు. కాబట్టి గోజిరా పుట్టుకలో వ్యాపారమును కలదు, అనుకరణమును కలదు. గోజిరా యను పేరే గొరిల్లా శబ్దమును, తిమింగిలవాచకమగు కుజిరా శబ్దమును కలిసి యేర్పడినది. ఈ సంగతులను దాచి మూలమును కేవలము పవిత్ర విషాదగీతముగా వర్ణించుట చరిత్ర కాదు.

కాని దర్శకుడు ఆ కల్పనను గ్రహించిన తీరు వేఱు. హోండా చైనా యుద్ధరంగమున సైనికుడుగా నుండి, యుద్ధబందియై, 1946లో స్వదేశమునకు మరలుచు హిరోషిమా శిథిలములను చూచినవాడు. కంటికి కనబడని అణుధార్మికతను కనబడునట్లు చేయుటయే తన సంకల్పమని ఆయన తరువాతి కాలమున చెప్పియుండెను. చిత్రారంభమున ఓడపై నావికులు విశ్రమించి యుండగా సముద్రము మెఱసి, ఓడ దగ్ధమగును. ఆ దృశ్యమును చూచిన జపాను ప్రేక్షకునకు ఇది యే పడవయో ఒకరు చెప్పనక్కఱ లేదు. నగరదహన సమయమున ఒక తల్లి బిడ్డలను పొదివికొని, మీ తండ్రి యున్న చోటికే పోవుచున్నామని వారి నోదార్చును. ఆ తండ్రి యెచ్చట మరణించెనో చిత్రము చెప్పదు. చూచువారికి చెప్పవలసిన పనియు లేదు.

3. స్వదేశమున చిత్రాదరణ

జపానులో ఈ చిత్రమును చూచినవారి సంఖ్య దాదాపు 96 లక్షలు. ఆ యేటి ఆదాయమున ముందువరుస నున్న స్వదేశ చిత్రములలో ఇది యొకటి. అదే సంవత్సరము, అదే సంస్థనుండి, తకాషి షిమురా ప్రధానపాత్రధారిగా అకిరా కురొసావా తీసిన "సెవెన్ సమురాయ్" వచ్చినది. ఆ షిమురాయే గోజిరాలో ప్రాచీనజీవశాస్త్రజ్ఞుడైన యమానే పాత్రను ధరించెను. ప్రజలీ చిత్రమునకు గుంపులుగా వచ్చిరనుట నిర్వివాదము.

విమర్శకుల మాట వేఱు. వారిలో పలువురు చిత్రమును తేలికగా చూచిరి; కొందఱు గర్హించిరి. మాయాదృశ్యముల నైపుణ్యమును మెచ్చినవారును కథ నంతగా మెచ్చలేదు. గర్హించినవారి యాక్షేపణలో ముఖ్యమైనది, నిన్నమొన్నటి పడవ దుర్ఘటనను, ఆఱని గాయములను వినోదవ్యాపారమునకు వాడుకొనిరని. ఈ యాక్షేపణ తేలికైనది కాదు. ఒక యింట శవము లేవకముందే ఆ మరణమును కథగా చెప్పి రుసుము గైకొన్నవానిని మన మేమందుము? చిత్రము అబద్ధమని ఆ విమర్శకులు అనలేదు. అది మిక్కిలి సమీపమున నున్నదని వారి బాధ.

ఇక్కడ నొక విషయము గమనింపదగినది. రబ్బరుతొడుగు నవ్వు పుట్టించుచున్నదనుట జపాను ఆక్షేపణలలో ప్రధానము కాదు. బొమ్మను కొంచెము కొంచెముగా కదల్చుచు ఒక్కొక్క చిత్రముగా తీయు పద్ధతికి కాలము చాలదని, త్సుబురాయా మనిషిచేత తొడుగు ధరింపజేసెను. హరువో నకజిమా అను నటుడు దాదాపు 100 కిలోల బరువుగల తొడుగులో నిలిచి, 1:25 ప్రమాణమున నిర్మించిన నగరమును త్రొక్కెను. ఇఫుకుబే మందరతంత్రీవాద్యమగు డబుల్ బాస్ తీగలను సడలించి, జిగురు పూసిన తోలు చేదొడుగుతో వానిని రాచి, ఆ మృగపు టఱపును పుట్టించెను. ఇన్ని కృత్రిమోపాయము లున్నను ఆ కృత్రిమత్వము అక్కడివారి కంత అడ్డుగా నిలువలేదు.

4. గ్రంథపాతములు, ప్రక్షిప్తములు

చిత్రము నుత్తరామెరికాలో ప్రదర్శించు హక్కును 25,000 డాలర్లకు కొన్నవారు ప్రసిద్ధ సంస్థలవారు కారు. తరువాత జోసెఫ్ లెవీన్ వారితో చేరి ప్రచారమును నడపెను. టెర్రీ మోర్స్ అను దర్శకుడు క్రొత్త దృశ్యములను చిత్రించెను. రేమండ్ బర్ అను నటుడు స్టీవ్ మార్టిన్ అను అమెరికా పత్రికావిలేఖరిగా నటించెను. మూలమునందలి నటులు అందుబాటులో లేనందున, వారివలె దుస్తులు ధరించినవారిని వెనుకవైపునుండి చూపి బర్ వారితో మాటలాడుచున్నట్లు కల్పించిరి. మూలసంభాషణములలో కొన్నింటిని ఆంగ్లమున పలికించిరి. పెక్కింటిని జపాను భాషయందే విడిచి, ఒక పాత్ర వానిని విలేఖరికి వివరించునట్లు చేసిరి.

పాఠపరిష్కరణ పరిభాషలో చెప్పవలెనన్న, ముఖ్యమైన గ్రంథపాతములు మూడు. మొదటిది రైలు దృశ్యము. నగరమున పనులకు పోవు ముగ్గురు యువజనులు విషపుచేపలనుగూర్చియు, నల్లవాననుగూర్చియు, ఇపుడీ మృగమునుగూర్చియు మాటలాడుకొందురు. నాగసాకినుండి బ్రతికి బయటపడినది ఇందుకా యని వారిలోని యువతి విసుగుకొనును. రెండవది చట్టసభ దృశ్యము. మృగమునుగూర్చిన నిజమును ప్రకటించిన అంతర్జాతీయ సంబంధములు చెడునని యొక సభ్యుడనగా, నిజమును ప్రజలకు చెప్పితీరవలెనని మహిళా సభ్యులు లేచి వాదింతురు, సభ రసాభాసయగును. మూడవది ముగింపు. ఇట్టి మృగము ఇదియే చివరిదని తాను నమ్మజాలననియు, అణ్వస్త్రపరీక్షలు సాగిన మఱొకటి మఱొకచోట పుట్టవచ్చు ననియు యమానే మూలమున చెప్పును. అమెరికా పాఠమున ఆ మాటలు లేవు; ఆపద తొలగినది, లోకము మరల బ్రతుకవచ్చునని విలేఖరి యూఱడించును.

ప్రక్షిప్తములలో ముఖ్యమైనది కథకుడే. మూలము ఓడ దహనముతో ఆరంభమగును; అమెరికా పాఠము టోక్యో శిథిలములతో ఆరంభమై, గాయపడిన విలేఖరి గతమును స్మరించుటగా సాగును. మూలమున దాదాపు 50 మీటర్ల యెత్తు గల మృగము ఇచ్చట 400 అడుగులకు మించి పెరిగినది. పెంపునకు కథలో అవసరము లేదు, ప్రకటనలలో కలదు.

అయినను న్యాయము చెప్పవలెను. ఉదజని బాంబు పరీక్షలే ఈ మృగమును మేల్కొల్పినవని యమానే వివరించు భాగము అమెరికా పాఠమునందును కలదు. నగరదహనానంతరము బాలికలు శాంతికై ప్రార్థించు గీతమును కలదు. సెరిజావా అను శాస్త్రజ్ఞుడు తాను కనుగొన్న ప్రాణవాయు వినాశకము పాలకుల చేత పడి మఱొక బాంబు కాగూడదని తన వ్రాతలను దహించి, మృగముతోపాటు సముద్రగర్భమున ప్రాణము విడుచుటయు కలదు. కాబట్టి తొలగింపబడినది బాంబు కాదు. బాంబును అనుభవించినవారి గొంతు తొలగింపబడినది. కారణము నిలిచినది, సాక్షి మాఱెను. మూలమున చెప్పువారును, బాధపడువారును ఒక్కరే. అమెరికా పాఠమున బాధపడువా రొకరు, చెప్పువాడు వేఱొకడు. ఆ చెప్పువాడు పని ముగిసిన పిమ్మట తన దేశమునకు మరలగలవాడు.

అనువాదమున తొలగింపులును చేర్పులును నేరములని మేము తలపము. తెలుగువారమట్లు తలచుట తగదు కూడ. మన యాదికావ్యమే మూలమును మక్కికి మక్కిగా అనుసరింపని స్వతంత్రానువాదము. తిక్కన భీష్మపర్వమున భగవద్గీతను మిక్కిలి సంగ్రహించెను. అందుచేత ఆంధ్రభారతము తక్కువ కాలేదు. ఏలయన గీతను పూర్ణముగా నెఱుగగోరిన తెలుగువానికి సంస్కృతమూలము అందుబాటున నుండెను, మూలము మఱుగుపడలేదు. గోజిరా విషయమున జరిగినది వేఱు. జపాను భాషా చిత్రములను ప్రదర్శించు కొలదిపాటి శాలలను విడిచిన, అమెరికావాసులకు దాదాపు ఏబదియేండ్లు ఆ సంగ్రహమే మూలముగా చెల్లినది.

5. పరదేశమున చిత్రాదరణ

అమెరికాలోను ప్రజలు వచ్చిరి. స్వల్పవ్యయమున సిద్ధమయిన యీ చిత్రము దాదాపు 20 లక్షల డాలర్ల ఆదాయము తెచ్చినది. అమెరికాకు వెలుపలి పలు దేశములకు ఈ మృగమును పరిచయము చేసినదియు ఈ పాఠమే. 1957లో ఇది జపానునకును తిరిగిపోయి అక్కడ ప్రదర్శింపబడినది. మృగరాజను అర్థము గల ఆ బిరుదమును తోహో సంస్థయే తరువాత స్వీకరించినది. పరకృతమైన పాఠము స్వదేశమునకు మరలి మూలకర్తల చేతనే గౌరవింపబడుట విచిత్రమే. కాని చరిత్రలో లేనిది కాదు.

విమర్శకుల తీర్పు కఠినము. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు బాస్లీ క్రౌథర్ 1956 ఏప్రిలు నెలాఖరున వ్రాసిన సమీక్షలో దీనిని నమ్మశక్యము కానంత చెడ్డ చిత్రముగా త్రోసిపుచ్చెను. రబ్బరుతో చేసిన బల్లిబొమ్మ, కొలది డాలర్ల వెలగల ఆటబొమ్మల యిండ్లు, విద్యుత్తుతో నడచు బొమ్మరైళ్లు మాత్రమే ఆయనకు కనబడినవి. "కింగ్ కాంగ్"నకు చౌకబాఱు అనుకరణమని ఆయన భావించెను. ఈ మాటలలో మా విద్యార్థి దశనాటి నవ్వే మాకు వినబడుచున్నది. టోక్యోలో అడ్డు కాని రబ్బరు న్యూయార్కులో కంటికి అడ్డమై నిలిచినది.

ఇట్లు రెండు దేశములందును ప్రజ లాదరించిరి. రెండు దేశములందును విమర్శకులు పెక్కురు నిరాకరించిరి. పైపైన చూచిన ఆదరణ సమానమే యనిపించును. కాని నిరాకరణ హేతువులు పరస్పరవిరుద్ధములు. జపాను విమర్శకునకు చిత్రము సత్యమునకు మితిమీఱిన సమీపమున నున్నది. అమెరికా విమర్శకునకు సత్యమునకు మితిమీఱిన దూరమున నున్నది. ఈ వైరుధ్యమునకు కారణము చెప్పుటకు మన ఆలంకారికులు మనకు తోడ్పడుదురు.

6. రసవిఘ్న విచారము

నాట్యశాస్త్రమునకు వ్యాఖ్యగా అభినవభారతిని రచించిన అభినవగుప్తుడు రసప్రతీతికి ఏడు విఘ్నములను నిరూపించెను. వానిలో రెండు మన కిపుడు ముఖ్యములు. మొదటిది సంభావనావిరహము, అనగా చూపబడుచున్నది జరుగునా యను నమ్మిక ప్రేక్షకునకు కలుగకపోవుట. రెండవది నిజసుఖాదులచే వివశుడగుట. అనగా ప్రేక్షకుడు తన సుఖదుఃఖములలోనే మునిగి, ఎదుటి కావ్యమునందు మనసు నిలుపలేకపోవుట.

జపాను విమర్శకుల యాక్షేపణ ఈ రెండవ విఘ్నమునకు చేరునని మా యభిప్రాయము. శోకము రసము కావలెనన్న అది సాధారణీకృతము కావలెను. నా శోకము, వీని శోకము అను భేదము తొలగవలెను. కుబోయామా మరణించి నలువది దినములయినను గడచెనో లేదో యన్న సమయమున ఆ భేదము తొలగుట దుష్కరము. అందఱికిని తొలగలేదు; కొందఱికి తొలగినది. తొలగినవారికి ఆ మృగపు రౌద్రము కరుణముగా పరిణమించినది. రౌద్రమునుండి కరుణము పుట్టునని భరతుడు చెప్పిన క్రమమే యిచ్చట కనబడును.

క్రౌథరు ఆక్షేపణ మొదటి విఘ్నమునకు చేరును. ఇచ్చట అభినవగుప్తుడు చెప్పిన పరిహారము గమనింపదగినది. లోకసామాన్యము కాని కార్యములను ప్రదర్శింపవలసినపుడు, చిరకాలప్రసిద్ధిచేత ప్రేక్షకుల హృదయములందు నాటుకొనిన ప్రఖ్యాతవస్తువును, రామాదుల వంటి ప్రఖ్యాతనాయకులను గ్రహింపవలెనని ఆయన మతము. ఆ ప్రఖ్యాతియే అసాధ్యమును సాధ్యముగా నమ్మించును.

ఇందుకు నిదర్శనము మన యింటనే కలదు. అమెరికా పాఠము వెలువడిన మఱుసటి యేట, 1957లో, కె. వి. రెడ్డి దర్శకత్వమున విజయా సంస్థ "మాయాబజార్" నిర్మించినది. అందు ద్వారకానగరము చిన్న ప్రమాణమున నిర్మింపబడిన బొమ్మల కూర్పే. ఎస్. వి. రంగారావు ధరించిన ఘటోత్కచుడు క్షణమున పెరుగును, తఱుగును, రూపము మార్చును. తెలుగు ప్రేక్షకుడు ఇది బొమ్మయని ఎఱుగకపోలేదు. కాని ఆ యెఱుక అతని రసానుభవమునకు అడ్డు రాలేదు. శశిరేఖా పరిణయకథ వ్యాసభారతమున లేకున్నను, శ్రీకృష్ణుడును ఘటోత్కచుడును అతనికి ప్రఖ్యాతులు. భారతకథ నెఱుగని పరదేశీయుని యెదుట ఆ చిత్రమునే ప్రదర్శించిన, వాని కన్ను మొదట బొమ్మయిండ్లమీదనే పడవచ్చును.

ఈ న్యాయమును గోజిరాకు అన్వయింపుడు. జపాను ప్రేక్షకునకు ప్రఖ్యాతవస్తువు పురాణము కాదు, తన బ్రతుకే. మంటలలో నగరమును, ఆసుపత్రి నేలమీద పరచిన క్షతగాత్రులను, విషపుచేపను అతడు తెరమీద మొదటిసారి చూచుట లేదు. ఎన్నడును లేని మృగమును ఎఱిగిన దుఃఖము నమ్మించినది. రైలుదృశ్యమందలి నాగసాకి మాట, చట్టసభయందలి వాదము, చివరి హెచ్చరిక, ఇవి యా నమ్మికకు మూలస్తంభములు. అమెరికా సంకలనకర్తలు కథాగమనమునకు అడ్డమని తలచి తొలగించినవి సరిగా ఈ స్తంభములే. వారు మృగము నెచ్చటను తగ్గింపలేదు, పెంచిరి కూడ. కాని స్తంభములు పోయిన పిమ్మట మృగము నిలుచుటకు ఆధారము లేదు, మిగిలినది రబ్బరు. క్రౌథరు చూచినది అదియే. ఆయన చూపు దోషము కాదు. ఆయనకు చూపబడిన పాఠమునందలి లోపము.

ఈ కొఱత ఆ సంకలనకర్తలకు తెలియకపోలేదు. ప్రఖ్యాతవస్తువు లేనిచోట వారు ఆప్తవాక్యమును నిలిపిరి. స్వదేశపు విలేఖరి స్వయముగా చూచి చెప్పుచున్నాడన్న భరోసాయే బర్ పాత్ర. ప్రజల విషయమున ఆ యుపాయము ఫలించినదనుటకు ఆదాయమే సాక్ష్యము. కాని ఆప్తవాక్యము విస్మయమును నిలుపగలదు గాని శోకమును పుట్టింపజాలదు. అందుచేత ఆ పాఠమున అద్భుతము ప్రధానమై కరుణము అంగమయినది. అద్భుతమును పట్టువిడిచినచోట మిగులునది హాస్యమే. ఏ రసమైనను ఆభాసమయినపుడు హాస్యమునకు దారితీయునని అభినవగుప్తుడే చెప్పియున్నాడు.

7. మూలము మరల వెలువడిన పిమ్మట

2004లో, చిత్రమునకు ఏబదియేండ్లు నిండిన సందర్భమున, మూలపాఠము ఆంగ్లోపశీర్షికలతో అమెరికా చిత్రశాలలలో విస్తృతముగా ప్రదర్శింపబడినది. 2006లో అచ్చట రెండు పాఠములును ఒక్క సంపుటముగా డీవీడీ రూపమున వెలువడినవి. విమర్శకులు పెక్కురు మూలమును గౌరవముతో స్వీకరించిరి. మా ప్రతిపాదనకు ఇది యనుకూలము. పాఠము మరలగానే తీర్పును మరలినది.

కాని ప్రతికూలమైన నిదర్శనమును దాచుట పరిశోధకునకు తగదు. ప్రసిద్ధ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 2004లో మూలమునే చూచి, దాని చారిత్రక ప్రాముఖ్యమును అంగీకరించియు, చిత్రముగా దానిని మెచ్చలేదు. 4 నక్షత్రములకు ఒకటిన్నర మాత్రమే యొసగెను. స్తంభము లన్నియు మరల నిలుపబడినను ఆయనకు మాయాదృశ్యముల లోపమే ప్రధానముగా కనబడినది. దీనిని ఆయన రుచిదోషమని త్రోసివేయుట సులభము. అది న్యాయము కాదు. నాగసాకి యన్న మాట తెరమీదికి మరల వచ్చినది; కాని ఆ మాట విన్నంతనే 1954 నాటి టోక్యో యువతి గుండెలో కదలిన బరువు 2004 నాటి ప్రేక్షకుల గుండెకు తనంత తాను రాదు. ప్రఖ్యాతి పాఠమునందు లేదు; పాఠమునకును ప్రేక్షకునకును నడుమ నున్నది. పాఠమును గ్రంథాలయము కాపాడగలదు. ఆ నడుమనున్న దానిని కాపాడవలసినది ఎవరు?

8. ఉపసంహారము

పై విచారమువలన తేలిన యంశములు మూడు. గోజిరా రెండు పాఠముల యాదరణభేదమునకు అణ్వస్త్ర ప్రస్తావన యుండుట, లేకుండుట కారణము కాదు. అది రెండింటను కలదు. ఆ ప్రస్తావనను పలుకు సాక్షి యెవడన్నది కారణము. ఇది మొదటిది. కథకు అడ్డమని తోచి తొలగింపబడు చిన్న దృశ్యములే పలుమాఱు కథను నమ్మించు నాధారములు. ఇది రెండవది. లుప్తభాగములను పూరించినంతమాత్రమున లుప్తమైన ఆదరణ మరలదు. ఆ భాగములకు అర్థము నిచ్చిన కాలమును కూడ తెలుపవలెను. ఇది మూడవది.

ఈ మూడవ యంశము మనబోటి యధ్యాపకులకు నేరుగా తగులును. ప్రాచీనకావ్యములను మనము సంగ్రహములుగా, ఎంపిక చేసిన పద్యములుగా విద్యార్థుల కందించుచున్నాము. కాలము చాలదని విడిచిన ఘట్టములలో కావ్యమును నమ్మించు స్తంభములు ఏవైన నున్నవో లేవో మనలో నెందఱము చూచుచున్నాము? కావ్యము బొమ్మలాటవలె నున్నదని విద్యార్థి నవ్వినపుడు ఆ నవ్వునకు బాధ్యుడు విద్యార్థి యేనా? చూడని గ్రంథముపై తీర్పు చెప్పి నవ్విన వారిలో మేము నొకరము గనుక ఈ ప్రశ్న నడుగుటకు సాహసించుచున్నాము. ఆ నవ్వును మాన్పినది మందలింపు కాదు. మూలమును, అది పుట్టిన యేటి కథయును మాత్రమే.